మూకుడు పెట్టని దసరా

దసరా పేరు వింటే మా అత్తమ్మ సక్కుబాయి ముందు కుడి భుజం పట్టుకుంటుంది. ఆ చెయ్యి తల మీదికి లేచి రెండేళ్లయింది. జడ కూడా నేనే వేస్తాను. దవాఖానలో ఏమన్నారని ఎవరైనా అడిగితే, "ఏమంటరు, చెయ్యికి పని చెప్పొద్దన్నరు. మరి మీ ఇంట్ల పండుగకు అప్పాలు ఎవలు చేస్తరు సారూ అని అడుగుదమనుకున్న, మరిచిన" అంటుంది.

మా ఇల్లు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు నుంచి లోపలికి మూడో గల్లీ. మామయ్య రాంచందర్‌కు ముగ్గురు చెల్లెళ్లు. ముగ్గురూ దసరాకు పిల్లాపాపలతో దిగుతారు. వాళ్లు దిగేలోపు ఇల్లు దులపాలి, బొంతలు ఉతకాలి, అటక మీది గిన్నెలన్నీ దించి తోమాలి. ఇవన్నీ ఒక ఎత్తు, అప్పాలు ఒక ఎత్తు. బెల్లం పూర్ణం పెట్టి మడిచే గరిజెలు, మురుకులు, గారెలు. మూడు రోజులు మూకుడు ముందు కూర్చుంటే గానీ తెమలవు. ఆడబిడ్డలకు తలా ఒక డబ్బా, వాళ్ల అత్తగారిళ్లకు తలా ఒకటి, మా ఆయన మహిధర్ దోస్తులకు కొన్ని, గల్లీలో ఇంటింటికీ కొన్ని. నేను ఆదిభట్లలో ఉద్యోగం చేసి, కంపెనీ బస్సు దిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. నా వంతు పని డబ్బాలకు మూతలు పెట్టడం. హిమజ మూతలు బాగా పెడుతుందని ఇంట్లో నాకు పేరు కూడా ఉంది.

అప్పాలు చేస్తూ అత్తమ్మ నవ్వగా నేనెన్నడూ చూడలేదు. గొణుగుతూనే చేస్తుంది. అయినా ఒక్క గరిజె అంచు విడిపోయినా ఊరుకోదు. ఇప్పుడు అందరూ ప్లాస్టిక్ అచ్చులో పెట్టి నొక్కేస్తున్నారు. అత్తమ్మ మాత్రం చేతిలోనే మడుస్తుంది. బొటనవేలితో అంచును కొంచెం కొంచెం లోపలికి మడుచుకుంటూ పోతే అది పేనిన తాడులా వస్తుంది. చివర చిన్న ముక్కు లాగి వదులుతుంది. ఆ ముక్కు చూసి ఇది సక్కుబాయి చెయ్యి అని మా గల్లీలో ఎవరైనా చెబుతారు.

ఇవి చాలవన్నట్టు కొన్ని ఏళ్లు ఇంకో డబ్బా కూడా ఉంటుంది. మావాళ్లలో ఒక కట్టడి ఉంది. ఒక ఇంట్లో మనిషి పోతే, ఆ తర్వాత వచ్చే దసరాకు ఆ ఇంట్లోనే కాదు, ఆ ఇంటిపేరున్న పాలోళ్ల ఇళ్లలో ఎక్కడా పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. వేరే ఇంటిపేరు వాళ్లెవరైనా తమ పొయ్యి మీద చేసిన అప్పాలు పండుగ నాడు చావింటికి తెచ్చి, అక్కడివాళ్ల నోరు తీపి చేయాలి. అప్పుడు ఆ ఇంటికి పండుగ తిరిగి వచ్చినట్టు. ఎవరూ తేకపోతే మళ్లీ దసరా దాకా ఆ ఇంట్లో ఏ పండుగా లేదు. దుకాణంలో కొన్నది చెల్లదు, ఇంకో ఇంటికి పంచింది కూడా చెల్లదు. మా ఇంటిపేరు కానివాళ్ల ఇంట్లో చావు జరిగితే, ఆ మొదటి డబ్బా మోసుకుపోయేది ఎప్పుడూ అత్తమ్మే. అట్లా ఎవరూ నియమించలేదు, అలవాటు పడిపోయారంతే.

ఈ ఏడు శ్రావణంలో మా ఇంటిపేరు వాళ్లలోనే చావు జరిగింది. మామయ్యకు పెదనాయన కొడుకు, రావిర్యాలలో ఉండే దశరథ పెద్దమామయ్య పోయాడు. ఆయన భార్య రాధమ్మ పెద్దత్తమ్మకు డెబ్బై దాటాయి. పిల్లల్లేరు. పదకొండో రోజు మేమంతా వెళ్లాం. వంటల దగ్గర అత్తమ్మ అన్నం గంగాళం ఎత్తబోయి, చెయ్యి రాక వదిలేసింది. మూలకు కూర్చున్న పెద్దత్తమ్మ అది చూసింది.

తిరిగి వస్తుంటే కారులో అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తుర్కయాంజాల్ దాటాక అన్నది:

"గట్లయితె ఈ దసరకు మన ఇంట్ల మూకుడు లేనట్టేనా?"

"లేనట్టే" అన్నాడు మామయ్య.

ఆమె ఏడుపు నిజమైన ఏడుపే. కానీ ఆ మాట విన్నాక ఆమె భుజాలు రెండూ కిందికి దిగాయి. నేను చూశాను. నేను చూసిన సంగతి ఆమె కూడా చూసింది. "ఏందే" అన్నది. "ఏం లేదత్తమ్మ" అన్నాను.

మర్నాడే మూకుడు తోమి, తుడిచి, గోనెసంచిలో చుట్టి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. వచ్చి అరుగు మీద కూర్చుని ప్రకటించింది. "ముప్పయ్యేండ్లయింది ఈ ఇంటికొచ్చి. ఈ పండుగకు పగటీలి పండుకుంట. ఎవ్వలు లేపొద్దు. సచ్చిపోయిందనుకోండ్రి." ఆమె ఇంకేదీ అడగగా నేను వినలేదు. చీర అడగలేదు, తిరుపతి అడగలేదు. పండుగ నాడు పగటి నిద్ర అడిగింది.

మూకుడు లేకపోతే పండుగ పని తగ్గుతుందని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను. తగ్గలేదు. దులుపుడు దులుపుడే, బొంతలు బొంతలే. మా ఇంట్లో బతుకమ్మ పేర్చకపోయినా, మామయ్య పెద్ద చెల్లెలు యశోద చిన్నమ్మ సద్దుల బతుకమ్మకు ముందురోజే పిల్లలతో దిగింది. వేరే ఇంటిపేరు కాబట్టి ఆమెకు మా కట్టడి లేదు, గల్లీలో ఆడుకోవచ్చు. దిగీ దిగకముందే "వదినె గరిజెలు లేని దసర దసరేనా" అని బుంగమూతి పెట్టింది. ఆమె తెచ్చింది మిఠాయి దుకాణం డబ్బా.

ఇక ఇరుగుపొరుగు డబ్బాలు. అత్తమ్మ ముప్పయ్యేళ్లు పంచినవాళ్లందరూ ఇదే అదనుగా బదులు తీర్చుకున్నారు. నాలుగు రోజుల్లో ఏడు డబ్బాలు వచ్చాయి. ఆమె ఒక్కోటి మూత తీసి, ఒక్కోటి కొరికి, మొహం పెట్టేది. "గిది మురుకా, మొలనా? గిదాంట్ల ఉప్పు మరిచిన్రు. గీ గారెలకు నూనె కాగలే." తెచ్చినవాళ్ల ముందు మాత్రం "మస్తుగున్నయి బిడ్డ" అనేది. వాళ్లు వెళ్లాక చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ చేతులను ఏం చేయాలో తెలియనట్టు కూర్చునేది. ఇవ్వడం వల్ల అలిసిపోయిన మనిషికి తీసుకోవడం అంతకంటే కష్టంగా ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు. నింపి ఇద్దామంటే మూకుడు లేదు. ఏడు డబ్బాలూ అలమారలో వరసగా నిలబడి ఆమెను చూస్తూ ఉన్నాయి.

సద్దుల రోజు పొద్దున మామయ్య ఫోనులో రాధమ్మ పెద్దత్తమ్మతో మాట్లాడుతున్నాడు. "ఫికర్ జెయ్యకు వదినె. పండుగ నాడు ఎవరో ఒకరు తెస్తరు." ఆమె అవతల ఏదో అన్నది. "అట్లెట్ల ఊకుంటరు, తెస్తరు" అని ఈయన పెట్టేశాడు.

అత్తమ్మ అరుగు మీద చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "ఎవలు తెస్తరు?" అన్నది.

"ఎవరో ఒకరు."

"గదే అడుగుతున్న, ఎవలు? సంజీవోళ్లా?"

"సంజీవ మన ఇంటిపేరోడే. వాళ్లకు గూడ మూకుడు లేదు."

"ఐలేషోళ్లా?"

"వాళ్లు మనోళ్లే గదా."

"రాధక్క తల్లిగారోళ్లల్ల ఒక్క తమ్ముడు, ఆయన పోయి ఐదేండ్లు. మరి ఎవలు తెస్తరు?"

మామయ్య నలుగురికి ఫోన్లు చేశాడు. నలుగురూ ఒకటే మాట. మాకు మూకుడు లేదు, వేరేవాళ్లు తెస్తారనుకున్నాం. ఆ వేరేవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు. రావిర్యాలలో పక్కింటివాళ్లు కూడా మా ఇంటిపేరే. మొదటి డబ్బా తీసుకుపోయే మనిషి ఒకతి ఉందని ఇన్నేళ్లూ అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఆ మనిషికే ఈసారి కట్టడి పడిందని ఒక్కరికీ తట్టలేదు.

"యశోదను వాళ్లింటికి పోయి చెయ్యమంటె?" అన్నాడు మామయ్య నెమ్మదిగా.

యశోద చిన్నమ్మ లోపలి నుంచే చెప్పింది. "నాకు మోకాళ్ల నొప్పులన్నా. కూసుంటె లెవ్వరాదు. చెల్లెండ్లు గూడ ఈ ఏడు దుకాణంలనే కొన్నరట. వచ్చే ఏడు చేద్దం తియ్యి."

అత్తమ్మ చీపురు మూలకు పెట్టి, అన్నట్టుగానే లోపలికి పోయి పడుకుంది. నాకు నిజంగా సంతోషం వేసింది. పోనీ, ఈ ఒక్కసారి ఎవరి గోల వాళ్లే పడనీ అనుకున్నాను. తలుపు దగ్గరగా వేశాను. పావుగంటకు చూస్తే కళ్లు తెరుచుకుని ఫ్యాను వైపు చూస్తోంది.

"నిద్ర వస్తలేదా అత్తమ్మ?"

"నేనొచ్చిన ఏడు" అన్నది, ఫ్యానుతో చెబుతున్నట్టు. "మొదటి దసర. అందరం ఒక్క ఇంట్లనే ఉంటుంటిమి. మొదటి వాయి గరిజెలు మొత్తం మాడవెట్టిన. అత్త ఒర్లుకుంట వచ్చింది. రాధక్క నన్ను పక్కకు నూకి, మూకుడు ముందట కూసున్నది. నేనే మాడవెట్టిన అన్నది. ఆ తిట్లన్నీ ఆమెనే తిన్నది. మళ్ల మాపటీలి నన్ను కూసుండవెట్టుకొని అంచు మడుసుడు నేర్పింది. తప్పు మడిస్తె ఏలు మీద కొట్టేది." తన బొటనవేలు చూసుకుంది. "ఈ చెయ్యి ఆమెదేనే."

లేచి కూర్చుంది. ఎడమ చేత్తో కుడి భుజాన్ని పట్టుకుని, కొంగు సర్దుకుని, మామయ్య దగ్గరికి పోయింది. నేను వెనకే పోయాను.

"ఒక మాట అడుగుత, చెప్పు. మన పొయ్యి మీద మూకుడు పెట్టొద్దు. అంతేనా?"

"అంతే."

"ఎదురింటి భాగ్య ఇంటిపేరు వేరే. పొయ్యి భాగ్యది. నూనె భాగ్యది. మూకుడు భాగ్యది. తీస్కపోయేది భాగ్య. మరి చెయ్యి మీద ఏమన్న కట్టడి ఉన్నదా?"

మామయ్య చాలాసేపు ఆలోచించాడు. కుల పెద్దగా ఎన్నో పంచాయతీలు తెంపిన మనిషి. "చెయ్యి గురించి ఎవరు చెప్పలే" అన్నాడు చివరికి.

"చెప్పకపోతె లేనట్టే. నా పేరు మాత్రం ఎక్కడ రావద్దు. వచ్చిందంటె అక్క ముట్టది. ఆమె కట్టడి మనిషి."

అట్లా ఆమె తన పగటి నిద్రను తనే వదులుకుని గల్లీ దాటింది. నాకు కోపం వచ్చింది. డాక్టరు చెప్పిన మాట గుర్తుచేశాను. "నువ్వు గూడ రా. ఇయ్యాల్ల మూతలు పెట్టుడు గాదు, జల్లిగంటె పట్టాలె" అన్నది.

భాగ్య మొగుడు ఆదిభట్ల కంపెనీ బస్సు నడుపుతాడు. ఆమెకు ముప్పయ్యేళ్లుంటాయి, అప్పాలు చేయడం రాదు. సంగతి చెప్పగానే "నాకు నేర్పినట్టుంటది, రా అక్క" అని పొయ్యి వెలిగించింది. ఆమె దగ్గర ఉన్నది చిన్న మూకుడు. వాయికి నాలుగు గరిజెల కంటే పట్టవు. మా మూకుడులో గంటలో అయ్యే పని ఇక్కడ సాయంత్రం దాకా పట్టేట్టుంది. అత్తమ్మ ఎడమ చేత్తోనే పిండి పిసికింది. నువ్వులు, పల్లీలు వేయించి, కుడుక తురిమి, బెల్లం కలపడం భాగ్య చేసింది. నేను నూనె దగ్గర నిలబడి చిటపటలకు ఎగిరిపడుతూ వాయిలు తీశాను. అంచులు మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. కుడి మోచేతిని మోకాలి మీద ఆనించుకుని, వేళ్లు మాత్రమే కదిలిస్తూ మడిచింది. పదింటికొకసారి ఆగి, పళ్లు బిగించి భుజం నొక్కుకునేది.

బయట గల్లీలో ఆడవాళ్లు తంగేడు, గునుగు, బంతిపూలు పోసుకుని బతుకమ్మలు పేరుస్తున్నారు. యశోద చిన్నమ్మ వాళ్ల మధ్యలో కూర్చుని ఐదు నిమిషాలకొకసారి ఫోను చేస్తోంది. బీరువా తాళంచెవి ఎక్కడుంది, పిల్లలకు పాలు ఏవి, చెక్కెర అయిపోయింది. మూడోసారి మోగినప్పుడు అత్తమ్మ ఫోను నా చేతికిచ్చింది. "చెప్పు. వదినె పండుకున్నది, లేపొద్దన్నది అని చెప్పు." చెప్పాను. చెప్పి ఇటు తిరిగితే, అత్తమ్మ నవ్వుతోంది. చేతినిండా పిండి, నుదుటి మీద చెమట, నొప్పితో ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. అయినా నవ్వుతోంది.

"ఏందత్తమ్మ?"

"ఏం లేదే. ఇన్నేండ్లు ఎవలో ఒకలు చెయ్యమంటె చేసిన. చెయ్యకుంటె ఏమంటరో అని చేసిన. ఇయ్యాల్ల ఎవ్వలు చెయ్యమనలే." ఇంకో పూరీ చేతిలోకి తీసుకుని పూర్ణం పెట్టింది. "మంచిగున్నది."

ఆ మాట విన్నాక నా కోపం పోయింది. నూనె చిటపటలు మాత్రం పోలేదు. సాయంత్రానికి ఒక డబ్బా నిండింది. మూత నేనే పెట్టాను.

దసరా పొద్దున్నే భాగ్యను స్కూటీ మీద ఎక్కించుకుని రావిర్యాల వెళ్లాను. దారి పొడవునా "సక్కక్క పేరు వస్తదేమో, నాకు అబద్ధమాడరాదు" అని భాగ్య గొణుగుతూనే ఉంది. పెద్దత్తమ్మ ఇంటి ముందు ముగ్గు లేదు. ఆమె గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఎదురింటి భాగ్య, పెద్దత్తమ్మ. వాళ్ల ఇంటిపేరు వేరే. అప్పాలు చేసి తెచ్చింది" అన్నాను. ఇంత మాత్రం నేను దారిలో చాలాసార్లు వల్లించుకున్నాను.

"నా పొయ్యి మీదనే చేసినం పెద్దమ్మ" అన్నది భాగ్య. అది అబద్ధం కాదు.

పెద్దత్తమ్మ డబ్బా మూత తీసింది. ఒక గరిజె చేతిలోకి తీసుకుంది. ఆమె చూపు మందగించింది. బొటనవేలు అంచు వెంబడి ఇటు చివర నుంచి అటు చివరికి మెల్లగా నడిచింది. చివరన ముక్కు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది. ఇప్పుడు డబ్బా మూత పెట్టేసి తీసుకుపొమ్మంటే అత్తమ్మకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

"నీ చెయ్యి మంచిగున్నది బిడ్డ" అన్నది భాగ్యతో. కొరికింది. నమిలింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే ఇంకోటి తీసుకుంది.

మేం లేచేటప్పుడు డబ్బాలోవి పళ్లెంలోకి వంచుకుంది. "ఆగుండ్రి. కాళీది ఇయ్యద్దు" అని కట్టె పట్టుకుని పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చి డబ్బా భాగ్య చేతికిచ్చింది. దాని నిండా వావిలాకు ఉంది.

"నీళ్లల్ల ఉడుకవెట్టి బట్టతోని కాపడం పెట్టాలె. కుడి భుజానికి. పొద్దుగాల, మాపటీలి."

"నాకు భుజం నొప్పేం లేదు పెద్దమ్మ" అన్నది అబద్ధమాడరాని భాగ్య.

"ఉంచుకో బిడ్డ. చేసిన చెయ్యికి నొస్తది" అన్నది పెద్దత్తమ్మ. నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి మిగతా ఇద్దరు ఆడబిడ్డలు కూడా దిగారు. వాకిట్లో చెప్పులకు చోటు లేదు. మటన్ ఉడుకుతోంది, పిల్లలు కొట్టుకుంటున్నారు, మామయ్య జమ్మికి పోవడానికి కొత్త అంగీ వెతుకుతున్నాడు. అత్తమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఎడమ చేత్తో అన్నం కలుపుతోంది. నన్ను చూడగానే అడిగింది. "తిన్నదా?"

"రెండు తిన్నది."

డబ్బా మూత తీసి చూపించాను. ఆమె ఆకులు చూసింది. ఒక రెమ్మ తీసి వాసన చూసింది. "ఎవలకిచ్చింది?" అంది.

"భాగ్యకు. కుడి భుజానికి పెట్టుకొమ్మన్నది."

అత్తమ్మ గంటె పక్కన పెట్టింది. "ముసల్ది" అన్నది. రెమ్మను మళ్లీ డబ్బాలో పెట్టింది. "తెలిసి గూడ తిన్నది."

నీళ్లు నేనే కాచాను. లోపలి గదిలో మంచం మీద కూర్చోబెట్టి, ఆకులు ఉడికించిన నీళ్లలో బట్ట ముంచి భుజానికి కాపడం పెట్టాను. రెండోసారి బట్ట పిండేసరికి తల పక్కకు వాలింది. దిండు సర్ది, తలుపు వేసి బయటికి వచ్చాను.

అప్పటికి పగలు పన్నెండు. నట్టింట్లో యశోద చిన్నమ్మ అటూ ఇటూ చూస్తోంది. "వదినె ఏది? చాయ్ పెడ్తదేమో అని చూస్తున్న."

"పండుకున్నది, లేపకుండ్రి" అన్నాను. "చాయ్ నేను పెడ్త."